కింది నుంచి పైకి: ఐస్ హాకీ బొమ్మలు గీయడం

ఐస్ హాకీ ఆటగాడి బొమ్మ గీయాలంటే పెన్సిల్ ముందు కాగితం అడుగు భాగంలో పెట్టండి. మనిషి బొమ్మ అనగానే చాలామందికి చెయ్యి తల దగ్గరికే పోతుంది, ముఖం కుదిరితే మిగతాది దానంతటదే కుదురుతుందన్న ధీమా. ఈ ఆటకి ఆ పద్ధతి అచ్చిరాదు. ముఖం హెల్మెట్‌లో సగం, వైజర్ (కళ్ల ముందుండే పారదర్శక కవచం) వెనక సగం దాక్కుంటుంది, ఒంటి మీద కండ అన్నది ఎక్కడా కనపడదు, భుజాల నుంచి పాదాల దాకా ప్యాడ్లే. చూసేవాళ్లకి అందేది ఒక్కటే: ఒంటి బరువు ఎటు పడుతోంది, మనిషి ఎటు పోబోతున్నాడు. ఆ సంగతి తెలిసేది స్కేటు ఐస్‌ని తాకే చోట. అందుకే నేను ముందు స్కేటు కింది బ్లేడు గీత గీస్తాను, తర్వాత స్టిక్ చివర ఐస్ మీద ఎక్కడ ఆనిందో గుర్తు పెట్టుకుంటాను, ఆ రెండిటినీ చూసుకుంటే నడుము ఎక్కడుండాలో తేలిపోతుంది. తల ఆఖరున.

నాకు ఈ ఆట మీద ఇష్టం పుట్టిందే బొమ్మల వల్ల. మ్యాచ్ వీడియో ఎక్కడ ఆపినా సరే, తెరమీద ఒక మంచి భంగిమ దొరుకుతుంది. మామూలు నేల మీద మనిషి అంత పక్కకి వాలితే పడిపోతాడు, ఇక్కడ పడడు. ఎందుకు పడడో తెలియాలంటే స్కేటుని దగ్గరగా చూడాలి, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

హాకీ స్కేటు కింద ఉండేది దాదాపు 3 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు పట్టీ. అది ప్లాస్టిక్ హోల్డర్‌లో బిగించి ఉంటుంది, ఆ హోల్డర్ ముందొక కాలు, వెనకొక కాలు మీద బూటుని ఎత్తి పట్టుకుంటుంది, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ గీయడం మర్చిపోతే స్కేటు కాస్తా మందపాటి బూటైపోతుంది. ఇక పక్క నుంచి చూస్తే బ్లేడు అడుగు తిన్నటి గీత కాదు, ముందూ వెనకా కొద్దిగా పైకి లేచి ఉంటుంది. అంటే నిలబడ్డప్పుడు ఐస్‌ని తాకేది మధ్య భాగమే, కాలివేళ్ల దగ్గరా మడమ దగ్గరా సన్నటి వెలుగు సందు మిగులుతుంది. బొమ్మలో ఆ సందు వదిలితే చాలు, మనిషి ఐస్‌కి అతుక్కుపోయినట్టు కాకుండా జారడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తాడు. ఇంకో మాట, ఫిగర్ స్కేట్‌కి ముందు రంపం పళ్లలాంటివి ఉంటాయి చూశారా, హాకీ స్కేట్‌కి అవి ఉండవు, ముందు కొస గుండ్రంగా ఉంటుంది. రెండూ కలిపేసిన బొమ్మలు చాలానే కనిపిస్తుంటాయి.

బ్లేడు అడుగున పొడవునా ఒక సన్నటి గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడి వల్లే లోపలి వైపు ఒక అంచు, బయటి వైపు ఒక అంచు ఏర్పడతాయి. మలుపు తిరిగేటప్పుడు ఆటగాడు ఏదో ఒక అంచు మీదే ఉంటాడు, ఆ అంచు ఐస్‌లోకి దిగబడి పట్టు ఇస్తుంది, అందుకే అంత వాలినా నిలబడతాడు. దీన్ని బొమ్మలోకి తేవాలంటే ఒక విషయం పట్టుకోవాలి. బూటు చాలా గట్టిగా ఉంటుంది, చీలమండని పక్కలకి వంగనివ్వదు. ముందు నుంచి చూసినప్పుడు బ్లేడు, బూటు, మోకాలి కింది కాలు ఒకే వాలు మీద సాగాలి. మధ్యలో చీలమండ దగ్గర ఆ గీత విరిగిందా, కాలు బెణికినట్టు కనిపిస్తుంది, ఎంత మంచి షేడింగ్ చేసినా దాన్ని దాచలేం. ముందుకి మాత్రం కాలు వంగుతుంది, మోకాలు కాలివేళ్ల కంటే ముందుకి వచ్చేస్తుంది కూడా.

స్కేటింగ్ అంటే పరుగు కాదు, ఈ తేడా బొమ్మలో చాలా పెద్దది. పరుగులో కాలు వెనక్కి తంతుంది, స్కేటింగ్‌లో పక్కకి, కొంచెం వెనక్కి తోస్తుంది. తోసిన కాలు బారుగా చాచి, పాదం బయటికి తిరిగి ఉంటుంది. బరువు మోసే కాలు మోకాలు బాగా వంచి ఉంటుంది, ఛాతీ ఆ మోకాలి మీదకి వస్తుంది. తోసిన స్కేటు నుంచి తుంటి మీదుగా తల దాకా ఒక పొడుగాటి వాలు గీత లాగి, దాని మీద మిగతా బొమ్మ కడితే వేగం దానంతటదే వచ్చేస్తుంది, వెనకాల గాలి గీతలు గీయాల్సిన పని ఉండదు. మోకాళ్లు మాత్రం మీరు అనుకున్న దానికంటే ఎక్కువే వంచండి. నిటారుగా నిలబడ్డ ఆటగాడు బెంచీ దగ్గరికి పోతున్నవాడిలా కనిపిస్తాడు.

ఆగడం ఇంకా బాగుంటుంది. రెండు స్కేట్లూ ఒక్కసారిగా దారికి అడ్డంగా తిప్పి, ఒంటిని వెనక్కి వాల్చి, ఐస్‌ని గీసేస్తూ ఆగుతారు. ఆ గీకుడికి లేచే ఐస్ పొడి అతను ఏ దిక్కుకి పోతున్నాడో ఆ దిక్కుకే ఎగురుతుంది. పొడి తెలుపు, ఐస్ తెలుపు, కాగితం తెలుపు, మరి దాన్ని చూపించడం ఎలా? వెనకాల నల్లటిది ఏదైనా పెట్టాలి: ఐస్ చుట్టూ ఉండే అడ్డుగోడ, అంటే బోర్డుల మీది ప్రకటన, ఇంకో ఆటగాడి మేజోడు, ఏదైనా. నేను ముందు అక్కడ మెత్తటి పెన్సిల్‌తో బాగా నల్లగా రుద్ది, మెత్తటి రబ్బరుతో బ్లేడు దగ్గర్నుంచి పైకి తుడుచుకుంటూ పోతాను. తుడిచిన చోట్లే పొడి అవుతుంది. చుక్కలు చుక్కలుగా గీయడం కంటే ఇది వందరెట్లు నయం.

తర్వాత స్టిక్. ఆటగాడి ఒంటి భాషలో సగం స్టిక్‌లోనే ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని ప్రధాన ఐస్ హాకీ లీగ్) నిబంధనల ప్రకారం దాని కాడ పొడవు 63 అంగుళాలు దాటకూడదు, అంటే దాదాపు 160 సెంటీమీటర్లు, ఐస్ మీద ఆనే చదునైన అడుగు భాగం, అంటే స్టిక్ బ్లేడు, పన్నెండున్నర అంగుళాలు దాటకూడదు. స్కేట్లు వేసుకుని నిలబడితే స్టిక్ పై కొస సుమారుగా గడ్డం దాకా వస్తుంది. అందుకని బొమ్మలో కొలబద్దగా దాన్నే వాడుకోవచ్చు. కాడకీ బ్లేడుకీ మధ్య కోణం దాదాపు 135 డిగ్రీలు, లంబకోణానికి దగ్గరగా గీస్తే అది వేరే ఏదో పనిముట్టు అవుతుంది. కాడ గుండ్రటి కర్ర కాదు, మూలలు కాస్త అరగదీసిన దీర్ఘచతురస్రం, కాబట్టి రెండు తలాలు కనిపించాలి, ఒకదాని మీద వెలుగు, ఒకదాని మీద నీడ. ఈ ఒక్కటి చేస్తే చాలు, స్టిక్ ఎటు తిరిగి ఉందో తెలిసిపోతుంది. బ్లేడుకి చుట్టిన టేపు గీతలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కుతూ ఏటవాలుగా పోతాయి. పై కొసన టేపు ముద్ద ఉంటుంది, పైచెయ్యి జారకుండా.

ఇక్కడ ఎడమ కుడి సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. లెఫ్ట్ షాట్ అంటే ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైకొస దగ్గర, స్టిక్ ఒంటికి ఎడమ పక్కన. బ్లేడు వంపు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కంపోజిషన్ కోసం ఫోటోని అద్దంలోలాగా తిప్పేస్తే చేతులు మారిపోతాయి, వంపు మారిపోతుంది. చొక్కా మీది నంబరు సరిచేసి ఇవి వదిలేస్తే, ఆట తెలిసినవాళ్లు మొదటి చూపులోనే పట్టేస్తారు.

స్టిక్ వెనక్కి ఎత్తి బలంగా కొట్టే స్లాప్‌షాట్ గీయడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. స్టిక్ బ్లేడు నేరుగా పక్‌ని (ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కొట్టదు, పక్‌కి కొద్దిగా వెనక ఐస్‌ని ముందు తాకుతుంది. పైచెయ్యి వెనక్కి లాగుతుంటే కింది చెయ్యి ముందుకి తోస్తుంది, ఆ మధ్యలో కాడ విల్లులా వంగుతుంది. ఆ వంపు విడిపోవడంలోనే పక్‌కి వేగం వస్తుంది. వంపు ఎక్కువగా కింది చెయ్యికి దిగువన పడాలి, మొత్తం కాడని ఒకే తీరుగా వంచేస్తే రబ్బరు గొట్టంలా ఉంటుంది. ఆ క్షణంలో బరువు ముందు కాలి మీదకి వస్తూ ఉంటుంది, వెనక స్కేటు తేలికపడుతుంది, ఆ తేలిక కూడా గీయాలి.

పక్ చిన్నది, అంతే గుర్తుపెట్టుకోండి. వ్యాసం 3 అంగుళాలు, మందం ఒక అంగుళం, గట్టి రబ్బరు, అంచు చుట్టూ గరుకైన గళ్లు. గ్లవ్ వేసుకున్న చేతి ముందు అది ఏమంత కనిపించదు. పెద్దది చేస్తే పక్కనున్న మనిషి పిల్లాడైపోతాడు.

గ్లవ్స్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చేతులు గీయడమంటే భయపడేవాళ్లకి ఇవి వరం. వేళ్లు విడివిడిగా ఉన్నా పైనుంచి చూస్తే అన్నీ మందపాటి దిండ్ల వరసలు, చెయ్యి వెనక భాగం మీద మెత్తటి దిమ్మలు, మణికట్టు దగ్గర బయటికి విచ్చుకున్న పట్టీ. ముందు ఒక పెట్టె గీసి, దాన్ని అడ్డంగా కోసి వేళ్ల వరసలు చేయడమే. లోపలి వైపు మాత్రం అరచేయి పలచటి తోలు, అక్కడ మందం ఉండదు, లేకపోతే స్టిక్ పట్టు తెలియదు మరి. బొటనవేలి దిమ్మ గట్టిగా ఉంటుంది, వెనక్కి విరగదు. గ్లవ్స్, స్కేట్లు ఈ రెండిటినీ ఎవరూ వేసుకోకుండా బల్ల మీద పెట్టినట్టుగా విడిగా గీసి నేర్చుకోవడం మంచిది. షోల్డర్ ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, మోకాలి కింద కట్టే షిన్ ప్యాడ్లు విడిగా గీసి పెద్ద ఉపయోగం లేదని నా అభిప్రాయం, వాటిని చొక్కా కింద, మేజోళ్ల కింద ఎలా తెలుస్తాయో అలా చూసి నేర్చుకోవాలి.

అలా చూస్తే ఏం తెలుస్తుందంటే, జెర్సీ మడతలు ఒంటి నుంచి పుట్టవు, ప్యాడ్ల నుంచి పుడతాయి. భుజం టోపీ దగ్గర ఒక గుత్తి, మోచేతి టోపీ దగ్గర ఇంకో గుత్తి, అక్కడి నుంచి బట్ట వదులుగా కిందికి జారి ప్యాంటు మీద పడుతుంది. మెడ దాదాపు కనపడదు. ప్యాంటు అంటే మోకాలి పైదాకా వచ్చే మందపాటి నిక్కరు, దాని కింద మేజోడు షిన్ ప్యాడ్ మీంచి సాగి ఉంటుంది, మోకాలి చిప్ప దగ్గర గుండ్రటి బుడిపె. మేజోళ్ల మీది అడ్డ చారలని శ్రద్ధగా గీయండి, అవి చాలా సాయం చేస్తాయి. చార వంపు పైకి ఉంటే కాలు ఒక వైపు వాలినట్టు, కిందికి ఉంటే ఇంకో వైపు వాలినట్టు కన్ను వెంటనే నమ్ముతుంది.

ఈ ఆటలో దిగ్గజం వేన్ గ్రెట్జ్కీ తన జెర్సీ కుడి పక్కన అంచుని ప్యాంటులోకి దోపుకునేవాడు. గీసి చూడండి, మడతలన్నీ ఒక తుంటి వైపుకి లాగబడతాయి, రెండో వైపు బట్ట వదులుగా ఎగురుతుంది. వీపు మీద 99 రాయకుండానే మనిషి ఎవరో తెలిసిపోతుంది. పోలిక ముఖంలోనే ఉండాలని లేదని ఈ ఆట నాకు చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పలేదు.

కాలం కూడా చూసుకోవాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్తగా వచ్చే ఆటగాళ్లకి హెల్మెట్ తప్పనిసరి చేసింది 1979-80 సీజన్ నుంచి, అప్పటికే ఆడుతున్నవాళ్లకి మినహాయింపు ఉంది, హెల్మెట్ లేకుండా ఆడిన చివరి ఆటగాడు క్రెగ్ మాక్టావిష్ 1997లో రిటైరయ్యాడు. వైజర్లు కొత్తవాళ్లకి తప్పనిసరైంది 2013-14లో. కాబట్టి 1970ల ఫోటో చూసి గీస్తుంటే జుట్టు ఎగరాలి, ఆ కాలపు ఆటగాడు గీ లఫ్లూర్ జుట్టు వెనక్కి ఎగిరే ఫోటోలు చూస్తే వేగం అంటే ఏమిటో అర్థమవుతుంది. ఈ కాలపు ఆటగాడైతే వైజర్ ఉండాలి. వైజర్‌ని చుట్టూ గీత గీసి మూసేయకండి, కింది అంచు సన్నగా, ఏటవాలుగా ఒక వెలుగు చార, అంతే.

జుట్టు, గాలి అన్నాను కాబట్టి బోస్టన్ ఆటగాడు బాబీ ఓర్ ఫోటో గురించి చెప్పకుండా ముందుకి పోలేను. 1970 మే 10, బోస్టన్ గార్డెన్, స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) ఫైనల్ నాలుగో మ్యాచ్, ఓవర్‌టైమ్ మొదలైన 40 సెకన్లకి ఓర్ గోల్ కొట్టాడు. సెయింట్ లూయిస్ డిఫెన్స్‌మన్ నోయెల్ పికార్డ్ స్టిక్ తగిలి గాలిలోకి లేచాడు, రే లూసియర్ ఆ క్షణాన్ని ఫోటో తీశాడు. మనిషి ఐస్‌కి సమాంతరంగా గాలిలో ఉన్నాడు, చేతులు చాచి, నోరు తెరిచి. నేను చెప్పిన పద్ధతి ఇక్కడ చెల్లదు, ఎందుకంటే బ్లేడు ఐస్‌ని తాకడం లేదు. మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఐస్ నుంచే. ముందు ఐస్ తలం, గోల్ స్తంభం, దాని దగ్గరున్న గోలీ (గోల్ కాపలాదారు) గ్లెన్ హాల్, నిలబడ్డ పికార్డ్, వీళ్లని వాళ్ల చోట్ల పెట్టి, ఆ మధ్యలో ఎంత ఎత్తు ఖాళీ మిగిలిందో చూసి అక్కడ ఓర్‌ని పెట్టాలి. కింద ఉన్న ఖాళీ సరిగ్గా కుదరకపోతే ఎగురుతున్న మనిషి పడుకున్న మనిషి అవుతాడు. ఈ ఫోటోని నేను ఇప్పటికీ మళ్లీ మళ్లీ గీస్తూనే ఉన్నాను.

గోలీ వేరే లోకం. గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, దాన్ని ఒళ్లంతా అడ్డం పెట్టి మూయాలి. కాళ్ల ప్యాడ్లు ఒక్కోటీ 11 అంగుళాల వెడల్పు దాకా ఉండొచ్చు, స్టిక్ పట్టుకునే చేతి మీద బ్లాకర్ అనే బల్లలాంటి పలక 8 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు, రెండో చేతికి పక్‌ని పట్టే పెద్ద గ్లవ్. స్టిక్ కింది భాగం వెడల్పుగా ఉంటుంది. ఛాతీ ప్యాడ్ వల్ల పై భాగమంతా పెద్ద పెట్టెలా కనిపిస్తుంది, దాని మీద తల చిన్నదిగా అనిపిస్తుంది. అలా అనిపించాలి కూడా, తల పెంచి సరిచేయకండి.

బటర్‌ఫ్లై భంగిమ గీయడానికి చాలామంది తంటాలు పడతారు. మోకాళ్లు రెండూ దగ్గరగా ఐస్ మీద, పాదాలు రెండు పక్కలకీ దూరంగా. అసలు కిటుకు ఏమిటంటే కాలు లోపల తిరిగినా ప్యాడ్ ముఖం ముందుకే చూస్తుంది, ప్యాడ్ లోపలి అంచు ఐస్ మీద ఆనుతుంది. అంటే ముందు నుంచి చూస్తే పక్కపక్కన పడుకోబెట్టిన రెండు పొడవాటి పెట్టెలు, మధ్యలో కలిసి కాళ్ల మధ్య సందుని మూస్తాయి. ముందు ఆ పెట్టెలు గీయండి, వాటి లోపల కాళ్లు ఎక్కడున్నాయో తర్వాత ఆలోచించొచ్చు. ఈ శైలిని మొదట్లో ఆడినవాళ్లలో గ్లెన్ హాల్ ఒకడు, ఓర్ ఫోటోలో ఉన్న హాలే, తర్వాత దాన్ని అందరికీ అలవాటు చేసింది ఇంకో గోలీ పాట్రిక్ రువా.

ఇది కష్టంగా ఉంటే కెన్ డ్రైడెన్‌తో మొదలుపెట్టండి. ఆట ఆగినప్పుడల్లా ఈ పొడుగాటి మాంట్రియల్ గోలీ స్టిక్‌ని నిలువుగా నిలబెట్టి, దాని కొస మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం ఆనించి నిలబడేవాడు. రెండు స్కేట్లు, ఒక స్టిక్, మూడు ఆనవాళ్లు ఐస్ మీద పెడితే మిగతాదంతా వాటి మీద వాలిపోతుంది.

గోలీల మాస్క్‌ల మీద ఒక పోస్టు విడిగా రాయాలని ఉంది, ఇప్పటికి కొంచెం. 1930లో క్లింట్ బెనెడిక్ట్ కొద్దికాలం తోలు మాస్క్ పెట్టుకున్నా, అలవాటుగా పెట్టుకోవడం మొదలుపెట్టింది జాక్ ప్లాంట్. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ప్రత్యర్థి ఆటగాడు ఆండీ బాత్‌గేట్ షాట్ ముఖానికి తగిలి తెగితే, కుట్లు వేయించుకుని ఫైబర్‌గ్లాస్ మాస్క్‌తో తిరిగొచ్చాడు. నేర్చుకునేవాళ్లకి ఆ పాత మాస్కులే మేలు: అండాకారం, కళ్లకి రంధ్రాలు, నీడలు మాత్రమే. జెర్రీ చీవర్స్ మాస్క్ అయితే మరీ, తెల్లటి మాస్క్ మీద పక్ తగిలిన ప్రతి చోటా గీసిన నల్లటి కుట్ల గుర్తులు. అవి ముఖం వంపు వెంట తిరగాలి, తిరిగితే మాస్క్‌కి గుండ్రదనం వస్తుంది. ముందు కమ్మీలుండే ఇప్పటి కేజ్ మాస్కులు గీసేటప్పుడు కూడా సూత్రం ఇదే, ముందు లోపలి ముఖం గీసి, కమ్మీలని ఆ గుండ్రదనం మీదుగా వంచుతూ వేయాలి, కమ్మీల నీడ బుగ్గ మీద పడాలి.

ఇక చుట్టూ ఉన్న రింక్, అంటే ఆట జరిగే ఐస్ మైదానం. బోర్డుల ఎత్తు దాదాపు 42 అంగుళాలు, స్కేట్ల మీద నిటారుగా నిలబడ్డ మనిషికి నడుము దగ్గరికి వస్తాయి, వాటి అడుగున పసుపు పట్టీ. గోల్ పైకమ్మీ నడుముకి కాస్త పైన. ఈ రెండూ చూసుకుంటే మనుషుల సైజు తప్పదు. ఐస్‌ని ఖాళీ కాగితంలా వదిలేయకండి, స్కేట్ల కింద నిలువుగా మసకటి ప్రతిబింబం, పాత బ్లేడు గీతలు వంపులు వంపులుగా కొన్ని, అంతే సరిపోతుంది. గీతలు ఎక్కువైతే నేల పగిలినట్టుంటుంది.

ప్రస్తుతం నా బల్ల మీద ఫేసాఫ్ ఉంది, అంటే రెఫరీ పక్ వదలగానే ఇద్దరు దానికోసం పోటీపడి ఆట మొదలుపెట్టే ఘట్టం. ఫేసాఫ్ వలయం 30 అడుగుల వ్యాసం, టీవీ కోణంలో అది బాగా చదునైన దీర్ఘవృత్తం అవుతుంది, ముందు దాన్ని సరిగ్గా వేసుకుని, లోపల రెండు స్టిక్ బ్లేడ్లు పెట్టాను. ఇద్దరు సెంటర్లూ (ఫేసాఫ్‌లో ఎదురెదురుగా నిలబడే ఆటగాళ్లు) బాగా వంగి ఉన్నారు, ఒకడి కింది చెయ్యి దాదాపు బ్లేడు దాకా జారింది, కాబట్టి అతని భుజం మోకాలి కంటే కిందికి రావాలి, అక్కడ జెర్సీ మడతలు ఎటు పోతాయో ఇంకా తేల్చుకోవాలి. రెఫరీ బూట్లు వేశాను, తల వేయలేదు.